రష్యా తన పాత జెట్లను తొందరపడి వదిలేసిందా? (టీయూ-154, ఇల్యూషిన్ వగైరా)

రెక్కలపిచ్చి
ఎప్పటినుంచో ఉన్న కడుపుమంట ఇక్కడ వెళ్ళగక్కుతున్నా. సోవియట్ వాళ్ళు టుపొలెవ్ కంపెనీ ప్రయాణికుల జెట్ టీయూ-154 ఒక్కదాన్నే వెయ్యికి పైగా కట్టారు. టీయూ-134లు 850 పైచిలుకు. ఇల్యూషిన్లు, యాక్‌లు వేరే. డిజైన్ వాళ్ళదే, ఇంజిన్ వాళ్ళదే, నట్టూ బోల్టూ కూడా వాళ్ళవే. అలాంటి దేశం 1992లో తన ప్రభుత్వ విమాన సంస్థ ఏరోఫ్లోట్‌కి ఎయిర్‌బస్ ఏ310లు అద్దెకు తెచ్చి మొదలుపెట్టింది. 2009 డిసెంబర్ 31న అదే ఏరోఫ్లోట్ ఆఖరి టీయూ-154ను సర్వీసు నుంచి తప్పించేసింది. తర్వాత దాదాపు అంతా బోయింగ్, ఎయిర్‌బస్సే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పాశ్చాత్య ఆంక్షలు పడగానే స్పేర్ పార్టులకు దిక్కులు చూడాల్సి వచ్చింది. పాతవైనా సొంత విమానాలు ఉంచుకుని ఉంటే ఈ అవస్థ ఉండేదా? నన్నడిగితే తొందరపడ్డారు. మీరేమంటారు?

కాఫీకప్పు
మా తాతగారి అంబాసిడర్ కూడా సొంతమే. ఇంటి ముందు తులసికోట పక్కన ఉంది. రోజూ తుడుస్తాం, ఎవరూ ఎక్కరు.

లెక్కల_మాస్టారు
రెక్కలపిచ్చి గారూ, కోపం సరే, లెక్క చూద్దాం. టీయూ-154కి మూడు ఇంజిన్లు. సీట్లు అమరికను బట్టి 150 నుంచి 180. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు, ఒక ఫ్లైట్ ఇంజనీరు, సాధారణంగా ఇంకో నావిగేటర్. ఏ320కి ఇంజిన్లు రెండు, పైలట్లు ఇద్దరు, సీట్లు దాదాపు అన్నే. అదే దూరానికి టీయూ తాగే ఇంధనం ఇంచుమించు రెట్టింపు. సోవియట్ రోజుల్లో కిరోసిన్ ధర ప్రభుత్వం నిర్ణయించేది, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2008లో చమురు ధర ఆకాశానికి అంటినప్పుడు టీయూని నడిపే ప్రతి కంపెనీ నష్టం లెక్కలే రాసుకుంది. ఏరోఫ్లోట్ కూడా తీసేయడానికి ఇంధనాన్నే కారణంగా చెప్పింది. ఇందులో తొందరేముంది? 1972లో ప్రయాణికుల సర్వీసులోకి వచ్చిన రకాన్ని 2009 దాకా నడిపారు.

రెక్కలపిచ్చి
మాస్టారూ, మీరు ఇంధనం ఒక్కటే చూస్తున్నారు. టీయూ-154 గంటకు 900 కిలోమీటర్ల పైన పోయేది, ఏ320 కంటే వేగం. ప్రధాన చక్రాలు ఒక్కో వైపు ఆరు. గతుకుల రన్‌వే మీద కూడా దిగేది. సైబీరియాలో సగం విమానాశ్రయాలు అలాంటివే.

గోదారోడు
వేగంగా వెళ్ళి మాస్కోలో లగేజీ కోసం గంట నిలబడటమేగా.

బేగంపేట_బాబాయ్
ఈ టీయూ-154కి మన ఊరితో ఒక సంబంధం ఉంది, ఈ తరం వాళ్ళకు తెలిసి ఉండదు. 1992 డిసెంబర్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. సర్వీసులు ఆగిపోతాయని ఉజ్బెకిస్తాన్ నుంచి టీయూ-154లను సిబ్బందితో సహా అద్దెకు తెచ్చారు. 1993 జనవరి 9న అందులో ఒకటి మన బేగంపేట నుంచి ఢిల్లీ బయలుదేరింది. అక్కడ దట్టమైన పొగమంచు. దిగేటప్పుడు రన్‌వే వరస తప్పి పక్కకు తగిలింది, పల్టీ కొట్టి తిరగబడింది, మంటలు అంటుకున్నాయి. లోపల 160 మందికి పైగా ఉన్నారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు! తలకిందులుగా సీటు బెల్టులకు వేలాడుతూ, బెల్టు విప్పుకుని కింద, అంటే పైకప్పు మీద పడి, బయటకు పాకారు. మా పక్కింటాయన ఆ మర్నాటి ఫ్లైట్‌కి టికెట్ కొనుక్కున్నాడు. రద్దు చేసుకుని ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాడు.

రెక్కలపిచ్చి
చూశారా! పల్టీ కొట్టి కాలిపోయినా అందరూ బతికారు. గట్టి కట్టడం అంటే అదీ.

ఏటీసీ_చెల్లి
ఆ మాట అనకండి. అది గట్టితనం కంటే అదృష్టం. అసలు ప్రశ్న వేరే ఉంది. అంత పొగమంచులో దిగడానికి ఎందుకు ప్రయత్నించారు? పరాయి దేశపు సిబ్బంది, అలవాటు లేని రూటు, కొత్త విమానాశ్రయం. సమ్మె కాలంలో హడావిడిగా తెచ్చిన అద్దె విమానాలతో ఉండే ఇబ్బంది ఇదే. విమానం పాతదా కొత్తదా అన్నది ఆ తర్వాతి మాట.

ఉక్కునగరం_శీను
మా నాన్నగారు స్టీల్ ప్లాంట్ ట్రైనింగ్ కోసం 80ల్లో సోవియట్ వెళ్ళారు. ఢిల్లీ నుంచి ఏరోఫ్లోట్ ఇల్యూషిన్-62. ఇంజిన్లు నాలుగూ తోక దగ్గరే ఉంటాయి కదా, ఖాళీగా ఆపినప్పుడు వెనక్కి ఒరిగిపోకుండా తోక కింద ఒక చిన్న చక్రాల కాలు దించుతారట. నాన్నగారు మెకానికల్ కాబట్టి విమానం ఎక్కకుండా ముందు దాన్నే చూస్తూ నిలబడ్డారని ఆయన తోటివాళ్ళు ఇప్పటికీ ఏడిపిస్తారు.

కాఫీకప్పు
శీనూ, మీ బీచ్ రోడ్డు మీద పెట్టిన విమానం కూడా ఇదేనా?

ఉక్కునగరం_శీను
కాదన్నా, అది టీయూ-142. నేవీది, జలాంతర్గాములను వెతికేది. టుపొలెవ్ వాళ్ళదే కానీ ప్రొపెల్లర్ల విమానం. 2017లో సర్వీసు నుంచి తీసి అదే ఏడాది చివర్లో మ్యూజియం చేశారు. ఆదివారం వెళ్తే లోపలికి వెళ్ళడానికి క్యూ, బయట మొక్కజొన్న పొత్తులకు ఇంకో క్యూ.

షార్జా_రాజన్న
నేను పని చేసిన చోటు చెప్తా. 90ల చివర్లో షార్జా ఎయిర్‌పోర్టులో ర్యాంపు (విమానాలు ఆపే చోటు) మీద ఉండేవాడిని, లోడింగ్ పని. అప్పుడు షార్జా అంటే సగం సోవియట్టే. టీయూ-154లు, ఇల్యూషిన్-76లు, ఆంటొనోవ్‌లు వరుసగా నిలబడేవి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. పాత ఏరోఫ్లోట్ రంగు మీద కొత్త పేరు పూస్తే కింద పాత అక్షరాలు కనిపించేవి. రష్యా నుంచి, మధ్య ఆసియా నుంచి చిల్లర వ్యాపారులు వచ్చేవాళ్ళు. దుబాయ్ దేరాలో టీవీలు, దుప్పట్లు, బట్టలు మూటలుగా కట్టి తెచ్చేవాళ్ళు. టీయూ-154 కింది అరలో కంటైనర్ పట్టదు, ప్రతి మూటా చేత్తో అందించాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ అరలో వంగి పని చేస్తే నడుము ఉండేది కాదు. అరలో పట్టనివి పైన సీట్లలోకి పోయేవి. అందరూ వెళ్ళాక మా వాళ్ళు పందెం వేసుకునేవారు, ఇది రన్‌వే చివరి దాకా వాడుతుందా, ముందే లేస్తుందా అని.

గోదారోడు
ఎవరు గెలిచేవాళ్ళు రాజన్నా?

షార్జా_రాజన్న
చివరి దాకా అన్నవాడే. ఎప్పుడూ.

హ్యాంగర్_మామ
రాజన్న చెప్పినది చిన్న విషయం కాదు. నేను మెయింటెనెన్స్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి ఇది చెప్పాలి. సోవియట్ పద్ధతిలో ప్రతి విమానానికీ ఒక ఆయుష్షు రాసి పెట్టేవారు: ఇన్ని గంటలు, ఇన్ని ల్యాండింగులు, ఇన్ని ఏళ్ళు. మూడిట్లో ఏది ముందు అయిపోతే అప్పుడు ఆపాలి. పొడిగించాలంటే డిజైన్ బ్యూరో పరీక్షించి కాగితం ఇవ్వాలి. ఇంజిన్లకూ అంతే, పాశ్చాత్య ఇంజిన్ల కంటే చాలా త్వరగా ఓవర్‌హాల్‌కి వెళ్ళేవి. దేశం మొత్తానికి ఒకే కంపెనీ, ఒకే మంత్రిత్వ శాఖ ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగానే నడిచింది. 1991 తర్వాత ఏరోఫ్లోట్ వందల ముక్కలైంది. ఐదారు విమానాలు ఉన్న ప్రతి ఊరి కంపెనీ ఒక ఎయిర్‌లైన్. ఓవర్‌హాల్ ఫ్యాక్టరీ ఒక దేశంలో, ఇంజిన్ ఫ్యాక్టరీ ఇంకో దేశంలో, డబ్బు ఎక్కడా లేదు. అప్పుడు ఒక విమానం విప్పి ఇంకోదానికి భాగాలు వేయడం మొదలైంది. ఏ భాగం ఎన్ని గంటలు తిరిగిందో కాగితం లేకపోతే ఆ విమానం నాకు వద్దు. అది బోయింగ్ అయినా సరే.

రెక్కలపిచ్చి
అంటే తప్పు విమానానిది కాదుగా మామా. నడిపిన తీరుది.

హ్యాంగర్_మామ
విమానం, నడిపే తీరు వేరు వేరుగా రావు బాబూ. గాల్లోకి రెండూ కలిసే లేస్తాయి.

ఏటీసీ_చెల్లి
టీయూ-154లు 70కి పైగా ప్రమాదాల్లో పోయాయి. అయితే అన్నిటినీ ఒకే లెక్కలో వేయకూడదు. 2001లో నల్ల సముద్రం మీద ఉక్రెయిన్ క్షిపణి పొరపాటున ఒకదాన్ని కూల్చింది. 2002 జూలై 1న జర్మనీలో యూబర్‌లింగెన్ మీద ఇంకోటి సరుకు రవాణా బోయింగ్ 757ను ఢీకొంది. 71 మంది పోయారు, ఎక్కువమంది బడి పిల్లలే. అక్కడ విమానంలోని హెచ్చరిక పరికరం పైకి వెళ్ళమంది, కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. అందులో టుపొలెవ్ తప్పేమీ లేదు. మా ట్రైనింగ్‌లో ఇప్పటికీ ఆ కేసు చెప్తారు.

లెక్కల_మాస్టారు
ఇంకో వైపు చైనా కేసు చూడండి. 1994 జూన్ 6న షియాన్ దగ్గర టీయూ-154ఎం (టీయూ-154లో తర్వాతి మోడల్) గాల్లోనే ముక్కలైంది, 160 మంది. రిపేరులో ఆటోపైలట్ ప్లగ్గులు రెండు అటుదిటు, ఇటుదటు తగిలించారు. 1999లో వెన్‌జౌ దగ్గర ఇంకోటి, 61 మంది. ఆ తర్వాత చైనా ఆ రకాన్నే పక్కన పెట్టేసింది.

హ్యాంగర్_మామ
మారిస్తే పట్టకుండా ఉండాల్సిన ప్లగ్గులు మారిస్తే పట్టాయి. ఇది మాత్రం డిజైన్ లోపమే అంటాను. మనిషి తప్పు చేస్తాడని ముందే అనుకుని గీయాలి.

కాఫీకప్పు
చైనా అంటే గుర్తొచ్చింది. ఆ టీయూ-154లు చైనాకి ఎలా వచ్చాయో తెలుసా? మౌ చిజోంగ్ అనే వ్యాపారి 90ల మొదట్లో తిండి డబ్బాలు, బట్టలు, ఇంటి సామాన్లు వందల వ్యాగన్లలో రష్యాకి పంపి, బదులుగా నాలుగు టీయూ-154లు తెచ్చి సిచువాన్ ఎయిర్‌లైన్స్‌కి ఇచ్చాడు. డబ్బు మారకమే లేదు. మా ఊళ్ళో పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలు ఇచ్చేవాడు గుర్తొచ్చాడు.

గోదారోడు
ఆయన దగ్గర ఇల్యూషిన్ ఉందేమో కనుక్కో.

డాక్టరమ్మ_బిష్కెక్
మెడిసిన్ చదవడానికి కిర్గిజ్‌స్తాన్ వెళ్ళినప్పుడు ఢిల్లీ నుంచి టీయూ-154లోనే వెళ్ళాం. కంపెనీ పేరు చెప్పను. ఖాళీ సీటు వీపు మీద చెయ్యి వేస్తే మొత్తం ముందుకు వాలిపోయేది, బల్ల లాగా. నా వెనక కూర్చున్నాయన దాని మీద కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. పైన సామాన్లు పెట్టే అరకి తలుపు లేదు, అటక మీద పెట్టినట్టే. పచ్చడి సీసాలున్న నా బ్యాగు టేకాఫ్‌లో ఎక్కడ పడుతుందోనని కళ్ళు మూసుకున్నా. నేల తాకగానే అందరూ చప్పట్లు. ఏదో ప్రమాదం తప్పిందేమోనని మేం హడలిపోయాం. తర్వాత సీనియర్లు చెప్పారు, అక్కడ ప్రతిసారీ కొడతారట. అమ్మకి ఆ చప్పట్ల సంగతి మాత్రం ఫోన్లో చెప్పలేదు.

గోదారోడు
పచ్చడి క్షేమమేనా?

డాక్టరమ్మ_బిష్కెక్
గోంగూర దక్కింది. ఆవకాయ నూనె పక్కాయన కోటుకి దక్కింది.

రెక్కలపిచ్చి
సరదా సరే, అసలు విషయానికి వద్దాం. 2010 సెప్టెంబర్ 7, అల్రోసా వాళ్ళ టీయూ-154ఎం. పది వేల మీటర్ల ఎత్తులో బ్యాటరీ వేడెక్కి కరెంటు మొత్తం పోయింది. రేడియో లేదు, నావిగేషన్ లేదు, ఇంధనం పంపులు లేవు. మేఘాల కిందికి దిగి చూస్తే అడవిలో ఇజ్మా అనే చోట మూసేసిన చిన్న ఎయిర్‌స్ట్రిప్ కనపడింది. అప్పటికే ఏళ్ళ నుంచి అక్కడ హెలికాప్టర్లు తప్ప ఏమీ దిగడం లేదు. కానీ అక్కడి బాధ్యుడు ఎవరూ అడక్కపోయినా రన్‌వే మీద చెత్తా పొదా పెరగనివ్వలేదు. విమానం దిగి, చివర దాటి చెట్లలోకి దూసుకెళ్ళి ఆగింది. 81 మందీ క్షేమం. మరుసటి మార్చిలో అక్కడే బాగుచేసి, అదే రన్‌వే నుంచి ఎగరేసుకుని పోయారు. మళ్ళీ ఏళ్ళ తరబడి ప్రయాణికులను మోసింది. 2023 సెప్టెంబర్‌లో ఉరల్ ఎయిర్‌లైన్స్ ఏ320 నొవొసిబిర్స్క్ దగ్గర పొలంలో దిగింది కదా, దాన్ని ఎగరేయగలిగారా? ముక్కలుగా విప్పారు.

ఏటీసీ_చెల్లి
ఆ ఏ320లో కూడా అందరూ క్షేమమే. అది చెప్పడం వదిలేశారు.

లెక్కల_మాస్టారు
పైగా ఇజ్మా కథలో అసలు హీరోలు పైలట్లు, ఆ రన్‌వే శుభ్రంగా ఉంచినాయన. కరెంటు మొత్తం పోయేలా చేసిన విమానానికి దండ వేస్తే ఎలా?

హ్యాంగర్_మామ
అల్రోసా సంగతి వేరు కూడా. అది వజ్రాల గని కంపెనీ. సైబీరియాలో వాళ్ళ ఊరు మిర్నీలో నేల ఏడాదంతా గడ్డకట్టి ఉంటుంది, రైలు లేదు, విమానాశ్రయం వాళ్ళ సొంతం. ఇంధనం దండగ అయినా భరించే డబ్బుంది. అందుకే దేశంలో అందరూ వదిలేశాక కూడా 2019 మే వరకు టీయూ-134, 2020 అక్టోబర్ 28 వరకు టీయూ-154 నడిపారు. మామూలు టికెట్ మీద బతికే కంపెనీకి ఆ పని సాధ్యం కాదు.

విజయవాడ_వినయ్
కొత్త సభ్యుణ్ణి, ఒక సందేహం. మంచి స్థితిలో ఉన్నవాటిని కూడా ఎందుకు తీసేశారు? ఏదైనా చట్టమా?

ఏటీసీ_చెల్లి
చాలా వరకు చప్పుడు. 2002 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్ పాత శబ్ద ప్రమాణాల జెట్లను రానివ్వలేదు. టీయూ-134, పాత టీయూ-154బీ, ఇల్యూషిన్-86 అన్నీ దెబ్బతిన్నాయి. ఇంజిన్లు మార్చిన టీయూ-154ఎం మాత్రం నెట్టుకొచ్చింది. ఇల్యూషిన్-86 మీద జాలేస్తుంది. కట్టినవి 106, కూలిపోయి ప్రయాణికుడు చనిపోయిన కేసు ఒక్కటీ లేదు. కానీ పారిస్ వెళ్ళలేని పెద్ద విమానంతో ఏం చేస్తారు? ఏరోఫ్లోట్ 2006లో వదిలేసింది.

బేగంపేట_బాబాయ్
ఇల్యూషిన్-86లో కింది అంతస్తులోకి ఎక్కి, సామాను మనమే అక్కడ పెట్టుకుని, లోపలి మెట్ల మీద పైకి వెళ్ళాలి. మన ఆర్టీసీ బస్సు డిక్కీ పద్ధతి. నాకు నచ్చింది. పాపం వాటిలో ఒకటి 1994 మార్చిలో ఢిల్లీలో నిలబెట్టి ఉండగా, ట్రైనింగ్‌లో ఉన్న సహారా బోయింగ్ వచ్చి మీద పడింది.

లెక్కల_మాస్టారు
వినయ్, చప్పుడు కాకుండా ఇంకో కారణం ప్రభుత్వ ఆదేశాలు. 2011 జనవరి 1న సుర్గుత్‌లో టీయూ-154బీ టేకాఫ్ కోసం రన్‌వే వైపు వెళ్తూ తగలబడింది, ముగ్గురు పోయారు. అదే జూన్‌లో పెత్రొజవోద్‌స్క్ దగ్గర టీయూ-134 రన్‌వే చేరకుండా రోడ్డు మీద పడి 47 మంది పోయారు. అది కూడా పొగమంచే, సిబ్బంది తప్పు ఎక్కువ. అయినా అధ్యక్షుడు మెద్వెదెవ్ టీయూ-134లను రెగ్యులర్ సర్వీసుల నుంచి తీసేయమన్నారు. ఇరాన్ ఇంకా కఠినంగా వెళ్ళింది. 2002లో 119 మంది, 2009లో 168 మంది టీయూ-154 ప్రమాదాల్లో పోయాక 2011లో మొత్తం రకాన్నే నేలకు దించేసింది.

రెక్కలపిచ్చి
ఇరాన్ పేరు మీరే ఎత్తారు. ఆంక్షల వల్ల కొత్తవి కొనలేక టీయూలు అద్దెకు తెచ్చుకున్న దేశం అది. ఇప్పుడు రష్యా కూడా అదే స్థితి. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే కదా.

పోలెండ్_ప్రసాద్
వార్సాలో ఉంటాను. ఇక్కడివాళ్ళు ఈ చర్చ వింటే నవ్వుతారు. పోలెండ్ వాళ్ళ లాట్ ఎయిర్‌లైన్స్‌కి ఇల్యూషిన్-62 రెండు కూలాయి, 1980లో ఒకటి, 1987 మే 9న ఇంకోటి. రెండోదానిలో 183 మంది. రెండిట్లోనూ ఇంజినే బద్దలైంది. 1987 కేసులో బేరింగులో ఉండాల్సిన 26 రోలర్లలో సగమే ఉన్నాయి. దర్యాప్తులో సోవియట్ తయారీ మీద వేలు చూపడం ఆ రోజుల్లో ఎంత కష్టమో ఊహించుకోండి. 1989లోనే లాట్ బోయింగ్ 767 కొనేసింది, అదీ బెర్లిన్ గోడ కూలకముందే. తూర్పు జర్మనీ ఇంటర్‌ఫ్లుగ్ అదే ఏడాది మూడు ఏ310లు తెచ్చుకుంది. సొంతం, పరాయి అన్న మాట ఈ దేశాల్లో అడిగి చూడండి. వాళ్ళకి సోవియట్ విమానమే పరాయిది.

గోదారోడు
ఇంటర్‌ఫ్లుగ్ కంపెనీయే 1991లో మూతపడింది. విమానాలు మాత్రం మిగిలాయి.

పోలెండ్_ప్రసాద్
అవును, వాటిలోనే జర్మన్ ఛాన్సలర్లు తిరిగారు తర్వాత.

హ్యాంగర్_మామ
అందరూ చివరి పదేళ్ళ గురించే మాట్లాడుతున్నారు. నాకు 1991 నుంచి 2005 దాకా జరిగినదే ముఖ్యం అనిపిస్తుంది. టీయూ-154కి వారసుడు సిద్ధంగానే ఉన్నాడు. టీయూ-204 మొదటిసారి ఎగిరింది 1989 జనవరి 2న. రెండు ఇంజిన్లు, కంప్యూటర్ కంట్రోళ్ళు, బోయింగ్ 757 తరహా. సరిగ్గా ఫ్యాక్టరీలు తెరుచుకోవాల్సిన సమయానికి దేశం పోయింది. ఆర్డర్లు లేవు, జీతాలు లేవు, ఉన్న కొద్ది ఇంజిన్లతోనూ ఇబ్బందులు. ఇన్నేళ్ళలో వంద విమానాలు కూడా కట్టలేదు. ఇంకోపక్క స్వదేశీ పరిశ్రమను కాపాడతామని విదేశీ విమానాల మీద భారీ సుంకం, దాని మీద వ్యాట్. ఫలితం ఏమైంది? చిన్న కంపెనీలు కొత్త బోయింగ్ కొనలేవు, కొత్త టీయూ-204 దొరకదు, కాబట్టి పాత టీయూ-154నే ఇంకో ఐదేళ్ళు లాగుదాం అన్నాయి. సుంకం కాపాడింది ఫ్యాక్టరీని కాదు, ముసలి విమానాలను. చివరికి అవి ఒక్కసారిగా కూలబడ్డాక ఆ ఖాళీని పూరించగలిగింది అద్దె ఎయిర్‌బస్సులే. రెక్కలపిచ్చీ, నీ కోపం న్యాయమే, కానీ 2009 మీద చూపిస్తున్నావు. 1995 మీద చూపించు.

రెక్కలపిచ్చి
టీయూ-204 గురించి మీ మాట ఒప్పుకుంటా. కానీ టీయూ-154ఎంలు ఓ వంద భద్రంగా పక్కన పెట్టుకోవచ్చుగా? ఆపదలో పనికొచ్చేవి.

హ్యాంగర్_మామ
పక్కన పెట్టిన విమానం బ్యాంకులో ఎఫ్‌డీ కాదు. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, తుప్పు పడుతుంది, ఫ్లైట్ ఇంజనీర్లు రిటైరవుతారు. టీయూ-154ని మూడు ఇంజిన్లతో బ్యాలెన్స్ చేస్తూ నడిపిన తరం ఇప్పుడు పెన్షన్ తీసుకుంటోంది. ఎవరు నడపాలి?

షార్జా_రాజన్న
నిజమే. షార్జాలో ఆరు నెలలు ఎండలో వదిలేసిన వాటికి టైర్లు ఒక పక్క అణిగిపోయేవి. మేం వాటి నీడలో అన్నం తినేవాళ్ళం. అదొక్కటే ఉపయోగం.

లెక్కల_మాస్టారు
2022 విషయంలో కూడా ఒక మాట. రష్యా చేతిలో చిక్కుకున్న విదేశీ లీజు విమానాలు 400కు పైనే. వాటిని వెనక్కి ఇవ్వకుండా సొంత రిజిస్టరులో రాసుకున్నారు. తర్వాత బీమా లెక్కలు తేలాయి. లీజు కంపెనీ ఏర్‌క్యాప్ ఒక్కటే ఏరోఫ్లోట్ గ్రూపు దగ్గరున్న 17 విమానాలకు రష్యా బీమా కంపెనీ నుంచి 645 మిలియన్ డాలర్లు తీసుకుంది. అంటే ఎలాగో ఒకలా ఆ ఎయిర్‌బస్సులు ఇప్పుడు రష్యావే. పార్టులు చుట్టు దారుల్లో వస్తున్నాయి, ఖరీదు ఎక్కువ. అయినా ఎగురుతూనే ఉన్నాయి. టీయూలు ఉంచుకుని ఉంటే ఇంతకంటే బాగుండేది అనడానికి ఆధారం ఏదీ?

రెక్కలపిచ్చి
ఎన్నాళ్ళు ఎగురుతాయి?

లెక్కల_మాస్టారు
అది మంచి ప్రశ్న. ఎవరూ ఒప్పుకోని ప్రశ్న కూడా.

విజయవాడ_వినయ్
మరి వాటి స్థానంలో ఏం వస్తున్నాయి? సూపర్‌జెట్, ఎంసీ-21 అని వింటున్నా.

హ్యాంగర్_మామ
సూపర్‌జెట్ 2011లో సర్వీసులోకి వచ్చింది. ఇంజిన్ ఫ్రెంచ్ వాళ్ళతో కలిసి చేశారు, వేడి భాగం అంతా ఫ్రాన్స్‌దే. మెక్సికోలో ఇంటర్‌జెట్ వాళ్ళు స్పేర్లు దొరక్క కొన్ని నిలబెట్టేశారు. ఆంక్షల తర్వాత అన్నీ స్వదేశీవే కావాలన్నారు, కొత్త పీడీ-8 ఇంజిన్‌తో 2025 మార్చిలో ఎగరేశారు. ఎంసీ-21 మొదట ఎగిరింది 2017లో, అప్పుడు అమెరికా ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్. ఇప్పుడు రష్యా సొంత పీడీ-14. రెక్కకి కావాల్సిన కాంపోజిట్ పదార్థం మీద కూడా ఆంక్షలు పడ్డాయి, దాన్నీ సొంతంగా చేసుకున్నారు. విమానం మంచిదే. కానీ 2025 ముగిసినా ఒక్క ఎయిర్‌లైన్ చేతికీ అందలేదు. ఈలోపు కజాన్‌లో టీయూ-214లను (టీయూ-204 లోనే ఒక రకం) మళ్ళీ ఎక్కువ కడతామంటున్నారు. అంటే 1989లో ఎగిరిన డిజైన్ దగ్గరికి తిరిగి వచ్చారు.

ఏటీసీ_చెల్లి
చిన్న విమానాల సంగతి ఇంకా ఘోరం. జెట్ కాదు కానీ చెప్పాలి. 2025 జూలై 24న రష్యా తూర్పు కొసన తిందా దగ్గర ఆంటొనోవ్-24 కూలి 48 మంది పోయారు. అది కట్టింది 1976లో. దాని సర్టిఫికెట్ 2036 దాకా పొడిగించి ఉంది. అరవై ఏళ్ళ వయసు దాకా ప్రయాణికులను మోయవచ్చని ఎవరో సంతకం పెట్టారు! రెక్కలపిచ్చి గారు కోరుకున్నట్టు పాతవాటిని ఉంచుకుంటే ఎలా ఉంటుందో తెలియాలంటే అక్కడ చూడాలి. దూర ప్రాంతాల జనానికి వేరే దారి లేదు, అందుకే ఎక్కుతున్నారు.

డాక్టరమ్మ_బిష్కెక్
అది చదివినప్పుడు గుండె జారిపోయింది. మేం ఎక్కిన ఆంటొనోవ్‌లలో కిటికీ పక్కన చెమ్మ కారేది. అప్పుడు నవ్వుకున్నాం.

రెక్కలపిచ్చి
చెల్లీ, నేను అన్నది బాగా చూసుకున్న జెట్ల గురించి, వదిలేసిన ఆంటొనోవ్‌ల గురించి కాదు. నా మాట మీద నేనున్నా.

కాఫీకప్పు
ఉత్తర కొరియాకి వెళ్ళు అన్నా. ఎయిర్ కొర్యో వాళ్ళ దగ్గర ఇల్యూషిన్-62, టీయూ-134, టీయూ-154 అన్నీ ఉన్నాయి. విమానాల పిచ్చి ఉన్నవాళ్ళని ప్రత్యేకంగా టూర్లు వేసి ఎక్కించేవాళ్ళు. నీ పేరుకి సరిపోతుంది.

రెక్కలపిచ్చి
వీసా ఇప్పిస్తే రేపే వెళ్తా.

ఉక్కునగరం_శీను
మన దేశం మాటేంటి? 2025 అక్టోబర్‌లో హెచ్‌ఏఎల్ మాస్కోలో ఒప్పందం రాసుకుంది కదా, సూపర్‌జెట్‌ని, అంటే ఎస్‌జే-100ని ఇక్కడ కట్టడానికి. ఆవ్రో 748 ఆగిపోయాక, అంటే 1988 తర్వాత, దేశంలో పూర్తి ప్రయాణికుల విమానం కట్టడం ఇదే మొదలు అవుతుందన్నారు. చిన్న ఊళ్ళను కలిపే ఉడాన్ పథకం రూట్లకి 200 దాకా కావాలట. కడప, రాజమండ్రి రూట్లకి జెట్ వస్తుందా?

గోదారోడు
రాజమండ్రికి ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ల విమానం) చాలు. జెట్ పైకి లేచేసరికి హైదరాబాద్ వచ్చేస్తుంది.

లెక్కల_మాస్టారు
శీను గారూ, ముందు రష్యాలోనే పీడీ-8తో సర్టిఫికెట్ పూర్తవ్వాలి. తర్వాత మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఏ కంపెనీ కొంటుంది, స్పేర్లకు డబ్బు ఏ బ్యాంకు ద్వారా కడతారు, ఆంక్షల భయంతో బీమా ఎవరు చేస్తారు. ఒప్పందం కాగితం మీద సంతకమే తేలిక. ఇండిగో కానీ ఎయిర్ ఇండియా కానీ ఆర్డర్ పెట్టాయని వార్త వచ్చిన రోజు నేను నమ్ముతా.

హ్యాంగర్_మామ
హెచ్‌ఏఎల్ కట్టగలదు, అందులో సందేహం లేదు. నా భయం విమానం గురించి కాదు. రాత్రి పదకొండింటికి ఒక వాల్వు పోతే తెల్లారేసరికి తిరుపతికి అది ఎవరు తెచ్చిస్తారు? ఎయిర్‌బస్ గెలిచింది అక్కడే, ఆకాశంలో కాదు. ఆ స్టోర్లు ఇక్కడ పెడతామని ఒప్పందంలో ఉంటే చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

రెక్కలపిచ్చి
స్టోర్ల గురించి ఏమైనా దొరికితే ఇక్కడే వేస్తా. రాజన్నా, షార్జా ఫొటోలు ఏమైనా ఉన్నాయా?

షార్జా_రాజన్న
ర్యాంపు మీద కెమెరా పట్టుకుంటే ఉద్యోగం పోయేది. ఒకటి మాత్రం ఉంది, మావాడు దొంగచాటుగా తీసింది. నేను మూటల మధ్య కూర్చుని ఉంటా, విమానం చక్రం ఒక్కటే పడింది. జగిత్యాలలో పెట్టెలో ఉంది. పండగకి పోయినప్పుడు తెచ్చి వేస్తా.